వరదగుడి

నీడలో ఏమీ లేదు.
శీలానగర్ గ్యారేజీ రేకుల కింద
పెళ్లికొడుకులా నిగనిగలాడింది కారు.
నాలుగొందల యాభై ఇచ్చి, చిల్లర ఉంచుకోమని
హాయిగా బయటికి తీశాను.

ఎన్ఏడీ ఫ్లైఓవర్ ఎక్కేసరికి
పదకొండు గంటల ఎండ బానెట్ మీద వాలింది.
అప్పుడు కనబడ్డాయి
సాలీడు రాత్రంతా డ్యూటీ చేసినట్టు
గుండ్రంగా, సన్నగా, ఒకదానిలో ఒకటి
వేల గీతలు.

ఇరవై ఆరేళ్లు స్టీల్ ప్లాంటులో
గీతలు వెతకడమే నా ఉద్యోగం.
చల్లారిన కడ్డీ మీద టార్చి వేసి
వెంట్రుకంత పగులున్నా
పసుపు సుద్దతో అడ్డంగా కొట్టి పక్కన పెట్టించేవాణ్ణి.
"సన్యాసిరావువి కళ్లు కావు, గోళ్లు" అనేవారు షిఫ్టులో.

ముదురు నీలం. నేనే ఎంచుకున్నాను.
వెండి రంగు తీసుకోమని శేషమాంబ నెలరోజులు పోరింది,
అది అన్నీ కడుపులో దాచుకుంటుందని.

వెనక్కి తిప్పాను.
మాటలన్నీ దారిలోనే పేర్చుకున్నాను:
ఫొటోలు, బిల్లు, వినియోగదారుల కోర్టు.
ఓనరు బెహరా సోడా తాగుతూ విన్నాడు.
ఎండలోకి రమ్మంటే వచ్చాడు, చూశాడు,
అవునో కాదో తేలకుండా తల ఊపాడు.
"ఒరే పైడయ్యా!"

పంతొమ్మిదేళ్లుంటాయేమో.
మోకాళ్లదాకా మడిచిన ప్యాంటు,
షాంపూలో నాని తెల్లబడిన వేళ్లు.
"పంజి కింద పడిపోనాది సార్.
ఎత్తీసి దులిపీసినాను.
ఇసకేటీ కనబళ్లేదు."

జీతంలో రెండు వేలు కోసేస్తానన్నాడు బెహరా
నన్ను బుజ్జగించే గొంతుతో.
నా చెయ్యి జేబులోకి పోయింది.
సుద్దముక్క కోసమని తర్వాత తెలిసింది.

జాలి అనుకోకండి.
కోపం అలాగే ఉంది, గొంతులో అడ్డం పడ్డ మాత్రలా.
ఏదో ఒకటి చెయ్యాలని
వాడి బకెట్లో మోచేతిదాకా చెయ్యి పెట్టాను.
అడుగున ఊరు ఊరంతా ఉంది.
భీమిలి రోడ్డు ఇసక, పోర్టు బొగ్గు మసి,
ఎర్రటి ఖనిజం దుమ్ము, కంచరపాలెం గుంతల మట్టి.
నా ముందు పది కార్ల మురికి నా కారు మీద,
నాది పదకొండోవాడి మీద.
"రెండో బకెట్ ఏదిరా?"
"ఒకటే సార్. మగ్గు కూడా ఒకటే."

రంగు పని ఖాదర్ వలీ
బొటనవేలి గోరుతో గీరి చూశాడు.
"పాలిష్ పట్టొచ్చు. కానీ గీత పోదు సార్,
చుట్టూ ఉన్నదాన్ని గీత లోతుకి దించుతాం, అంతే.
పైపూత ఉల్లిపొర.
రెండుసార్లు దించితే మూడోసారికి ఇనుమే."
ఇనుము సంగతి నాకు చెబుతున్నాడు!

బానెట్ వరకే పట్టించాను. తలుపులు వద్దన్నాను.
గంట బేరమాడితే ఖర్చు చెరిసగానికి తెగింది.
రెండు వేల మాట బెహరా మళ్లీ ఎత్తలేదు,
ఒకటో తారీఖున ఎత్తాడేమో నాకు తెలీదు.
గాజువాకలో నూటపది పెట్టి కొనిచ్చిన ఎర్ర బకెట్
గ్యారేజీలోనే ఉందో
పైడయ్య ఇంట్లో మంచినీళ్లు మోస్తోందో
అదీ తెలీదు.

రాత్రి బీచి రోడ్డులో బండి ఆపాం.
వీధిదీపం వెలుగు ఎడమ తలుపు మీద పడి
గీతలన్నీ దాని చుట్టూ వలయం కట్టాయి.
నేను ముఖం తిప్పుకున్నాను.
శేషమాంబ వంగి, కళ్లజోడు సర్దుకుని చూసింది.
"వరదగుడి కట్టిందండీ!
దూరం గుడి, దగ్గర వాన.
ఇంక కడిగించకండి, తడవనివ్వండి."

వాన రాలేదు.
తెల్లారి చూస్తే బానెట్ నిండా బొగ్గు మసి,
అందులో పక్క వాటా పాప
వేలితో గీసిన పిల్లి.
మీసాలు కూడా పెట్టింది.
తడిగుడ్డ చేత్తో పట్టుకుని
కాసేపు అలా నిలబడ్డాను.