ఆరు మాటలు

రాత్రి రెండింటికి, గుంటూరు పెద్దాసుపత్రి.
ఏటుకూరు రోడ్డులో మిర్చి టిక్కీల లారీ బోల్తా.
టిక్కీల మీద నిద్రపోయిన నాగుల్‌మీరా
ఇప్పుడు మా బల్ల మీద.

మలావీ డాక్టరు చొక్కా కత్తిరించగానే
గదంతా తుమ్ములు.
నెత్తురేదో కారమేదో
గాజుగుడ్డకే తెలియాలి.

సక్షన్ మిషన్ మూలిగి ఊరుకుంది.
ఆయన పెద్ద సిరంజి అందుకున్నాడు.
మా దగ్గరా ఇంతే సిస్టర్, అన్నాడు ఇంగ్లీషులో.

మూడు నెలల్లో ఆయనకొచ్చిన తెలుగు ఆరు మాటలు:
నొప్పి. ఊపిరి. కదలకు. నెత్తురు. ఉంది.
ఆరోదీ తెలుసు,
అది పలకాల్సొస్తే మాత్రం
నన్ను ముందుకు తోస్తాడు.

తెల్లారి తలుపు తీస్తే
ఆ ఎర్రబడ్డ తడి కళ్ళు చూసి
మస్తాన్‌బీ అక్కడే కూలబడింది.

"కారం, కారం" అన్నాడు కంగారుగా.
ఈ మాట ఎప్పుడు నేర్చాడో!
తర్వాత, వెతుక్కుంటూ,
"ఊపిరి... ఉంది."