మెదువా

మంగళవారం మధ్యాహ్నం, నిద్ర సగంలో ఉండగా
తెలియని నంబరు.
"అమ్మా, నేను సెల్లదురై కొడుకుని. నాన్న పోయారు.
ఆయన ఫోన్లో ఉన్నవాళ్లందరికీ చెబుతున్నాను.
మీరెవరో మాత్రం తెలియలేదు."

సెల్లదురై.
వేలచ్చేరిలో మా మూడో అంతస్తుకి
ఏడేళ్లుగా భుజం మీద నీళ్ల క్యాను మోసుకొచ్చినవాడు.
లిఫ్టు ఉంది. క్యాన్లకి లేదు, అసోసియేషన్ రూలు.
మా కొళాయిలో వచ్చేది సముద్రానికి దూరపు చుట్టం,
పప్పు ఉడకదు.

నా నంబరు ఏం పేరుతో ఉంది, అని అడిగాను.
చదవడానికి కాస్త మొహమాటపడ్డాడు.
"తెలుంగమ్మ. 3 సి. మెదువా తట్టు."

మెదువా అంటే మెల్లగా.
రెండు భాషల్లోనూ మొదటి అక్షరం ఒకటే,
తర్వాత ఎవరి దారి వాళ్లది.

నేనెప్పుడూ చెప్పలేదు ఆయనకి,
రాత్రంతా పెరుంగుడిలో హెడ్‌సెట్ తగిలించుకుని
ఏవో విమానాల్లో తప్పిపోయిన సూట్‌కేసులు వెతికిపెడతానని,
తెల్లారాక పడుకుంటానని.
తలుపు తీసిన నా మొహం చూసి ఉంటాడు ఒకరోజు.
మర్నాటి నుంచి గోటితో తట్టేవాడు,
చాటలోంచి పెసరగింజ జారినట్టు.

ఇంటి ఓనరు ఫోన్లో నేను "ఐదో తారీఖు".
అపార్టుమెంటు గ్రూపులో ఉత్త 3 సి.
ఆఫీసులో వకుళ అనలేక "వికీ" అంటారు, పలుకుతాను.
ఒకప్పుడు ఒకతని ఫోన్లో ముద్దుపేరుండేది,
ఆ ఫోనూ మారిపోయే ఉంటుంది.
పోయిన పెట్టెకి రంగేమిటి, చక్రాలెన్ని, లోపల ఏమున్నాయి
అని రోజుకి అరవైమందిని అడుగుతాను.
నా గురించి అలాంటిదొకటి
ఎవరైనా రాసి పెట్టుకున్నారని
నాకేం తెలుసు?

మరి ఆయన, నా ఫోన్లో?
చూశాను.
"వాటర్ క్యాన్ 2".
ఒకటో నంబరువాడు ఎవరో గుర్తుకే రాలేదు.

కొడుకు ఇంకా లైన్లోనే ఉన్నాడు.
వెనకాల కుర్చీలు లాగుతున్న చప్పుడు, దూరంగా తప్పెట.
"మీరు నాన్నకి ఏమవుతారమ్మా?"
ఏమవుతానో తట్టలేదు.
రెండు ఖాళీ క్యాన్లు నా దగ్గరే ఉండిపోయాయి, అన్నాను.
పరవాలేదమ్మా, అన్నాడు.

సాయంత్రం ఆయన పేరు సరిచేశాను. సెల్లదురై.
పక్కన ఇంకేమైనా రాద్దామని కూర్చున్నాను.
రెండో అంతస్తు మలుపులో ఆగేవాడు.
అక్కణ్నించి ఊపిరి వినిపించేది.
ఆ భుజం కాయకాసిందో లేదో చూడలేదు.
ఏడేళ్లలో ఒక్కసారీ
మంచినీళ్లు తాగుతావా అని అడగలేదు.

గురువారం కొత్త కుర్రాడు
తలుపు దబదబా బాదాడు.
అప్పటికి మెలకువగానే ఉన్నాను.