గుండ్రంలో చుక్క

మే నెల. సిరోంచలో
నీడక్కూడా చెమట పట్టే రోజులు.
ప్రాణహిత ఒక మూలకు ముడుచుకుని
మిగతా మేరంతా ఇసుక పరిచి పెట్టేది,
మా చర్చి క్యాంపు కోసమే అన్నట్టు.

నాన్న నతానియేలు మాస్టారు. బడిలో డ్రిల్లు,
శనివారం స్కౌట్లు, ఆదివారం గంట కొట్టడం.
మరాఠీలో సావధాన్ అనేవాడు,
తెలుగులో తిట్టేవాడు,
ప్రార్థనకు మాత్రం గ్రాంథికం బయటికొచ్చేది,
ట్రంకు పెట్టెలోంచి పెళ్ళికోటు తీసినట్టు.

లారీలవాళ్ళిచ్చిన టార్పాలిన్లు,
సిమెంటు వాసన, ఎప్పటిదో ఉల్లిగడ్డల వాసన.
వాటి కింద నలభైమంది పిల్లలం.
అమ్మ మూడు రాళ్ళ మీద గుండిగ పెట్టేది.
పప్పులో ఇసుక పంటికి తగిలి మేం మొహం ముడిస్తే
‘‘ఇశ్రాయేలోళ్ళు నలభై ఏండ్లు తిన్నరు,
మీకు నాల్గు దినాలకే బరువైందా?’’

దాహమైతే చెలమ తోడాలి.
మోచెయ్యి మునిగేదాకా తవ్వి
ఊరుకోవాలి.
నీళ్ళు ఊరడమంటే ఏమిటో
నేను అక్కడ బోర్లా పడుకుని చూశాను.
మొదట ఇసుక రంగు మారుతుంది, అంతే.
చాలాసేపు అంతే.

నాన్న గులకరాళ్ళతో దారిగుర్తులు నేర్పేవాడు.
బాణం: ఇటు రా.
అడ్డగీతలు: ఇటు వద్దు.
గుండ్రం గీసి మధ్యలో చుక్క:
నేను ఇంటికి వెళ్ళిపోయాను.

మూడో రాత్రి హాజరు పిలిస్తే ముప్పై తొమ్మిది.
పాస్టరు ఆమోసుగారు తప్పిపోయిన గొర్రె ఉపమానం ఎత్తుకున్నారు.
‘‘కత తర్వాత జెప్పు, ముందు ఆ కందిలియ్యి’’
అమ్మ లాక్కుని పరిగెత్తింది.
మా తమ్ముడు తీతు పడుకున్న చోట,
ఇసుకలో గుండ్రం,
మధ్యన పుచ్చగింజ.

రెండు మైళ్ళు, చీకట్లో, ఎనిమిదేళ్ళవాడు.
తాళం వేసిన తలుపుకు వీపానించి
పక్కింటి మేకను కావిలించుకుని నిద్రపోతున్నాడు.
నాన్న చెయ్యెత్తాడు.
ఎత్తిన చెయ్యి ఎందుకో వాడి స్కార్ఫు సర్దింది.
‘‘గుర్తు సరిగ్గానే పెట్టాడు.’’
‘‘వానికి మార్కులేస్తివి.
భయపడ్డదానికి ఏమేస్తవు?’’ అంది అమ్మ.
నాన్న ఏమీ వెయ్యలేదు.

రెండేళ్ళకు మళ్ళీ క్యాంపు రోజులు.
ఆ వేసవి అమ్మ తెల్లారకముందే అడివికి పోయి
తునికాకు కోసి కట్టలు కట్టి
పసుపు డబ్బాలో దాచుకున్న పైసలు
అడక్కుండా తీశాడు నాన్న.
చంద్రపూర్ నుంచి రెండు కొత్త డేరాలొచ్చాయి.
ఆకుపచ్చవి. ఇత్తడి కళ్ళవి.
అమ్మ వాటిని చేత్తో తడిమి చూసింది,
బాగున్నయ్ అంది,
అన్నం వడ్డించింది.

పొద్దున లేచేసరికి గడప మీద
బియ్యంతో గుండ్రం,
మధ్యలో ఒక్క కందిపప్పు.

నాన్న దాని ముందు అలాగే నిలబడ్డాడు.
వందమంది పిల్లలకు నేర్పినవాడు
కూడబలుక్కుని చదివాడు:
ఇంటికి... వెళ్ళిపోయాను...
‘‘మరి ఇదేందిరా?’’ అన్నాడు గోడకేసి చూస్తూ.
తీతు పళ్ళు తోముకుంటూ
‘‘అర్జునగుట్ట, నాన్నా’’ అన్నాడు.
ఏటికి ఆవల, అమ్మమ్మ ఊరు.

నీళ్ళు మోకాలిబంటి.
చెప్పులు చేతిలో, ఈల మెడలో.
నడి ఏట్లో ఆగి ఒకసారి ఊదాడు,
వరసలో నిలబడమని ఊదే ఊత.
ఆవలి గట్టున ఒక కొంగ లేచింది.
ఇంకెవరూ కదల్లేదు.

మూడో నాడు ఇద్దరూ వచ్చారు,
ఆమె ముందు, ఆయన వెనక.
అక్కడేం మాట్లాడాడో నాకు తెలీదు,
డేరా ఒకటి ఎవరికమ్మాడో అంతకన్నా తెలీదు.
అమ్మ కొంగుకు మాత్రం ఒక ముడి ఉంది.
ఆడవాళ్ళు వేసుకునే ముడి కాదు,
మా స్కౌట్ల రీఫు ముడి:
లాగితే బిగుస్తుంది,
రెండు కొసల్నీ ఎదురెదురు తోస్తే విడిపోతుంది.

ఆమె తోసింది. నోట్లు పరిచి లెక్కపెట్టింది.
మళ్ళీ లెక్కపెట్టింది.
‘‘నూటపది తక్కువున్నయ్’’ అని
పొయ్యి రాజెయ్యడానికి లోపలికి పోయింది.