కాలివేళ్ళ సంగతి

జనవరి మూడో శుక్రవారం అని రాసుకున్నాం.
ఆర్విల్ గ్యారేజీలో, విప్పేసిన మంచుబండి ఇంజను పక్కన,
తిరగేసిన పెయింటు డబ్బా చుట్టూ ఐదుగురం.
బయట సుపీరియర్ సరస్సు
గడ్డకట్టాలా వద్దా అని ఇంకా ఆలోచిస్తోంది.

ఇరవై ముగ్గురు వస్తామన్నారు.
తొమ్మిదిమంది వస్తారు.
ఆ లెక్క మాకు పాతదే.

మొదటి తగాదా స్టవ్వు దగ్గర.
చలికి గ్యాసు డబ్బా ముడుచుకుని పడుకుంటుందని నేను,
నిరుడు బాగానే వెలిగింది కదా అని డెల్మార్.
నిరుడు నువ్వు రాత్రంతా దాన్ని పొట్టకింద పెట్టుకుని
కోడి గుడ్డును పొదిగినట్టు పొదిగావు, అంది వెర్నా.
ద్రవ ఇంధనం స్టవ్వే ఖాయమైంది.
మోసేది డెల్మారే.

నూలుబట్ట ఎవరి ఒంటిమీదా ఉండకూడదు,
లోపలిదైనా సరే.
నీళ్ళసీసా తలకిందులుగా పెట్టాలి,
మంచు పైనుంచి కడుతుంది కనుక,
అడుగు గడ్డకట్టినా మూతి తెరుచుకుంటుంది.
బ్యాటరీలు చంకలో. బూట్లు నిద్రసంచీలో, కాళ్ళ దగ్గర.
పడుకోబోయే ముందు ఒక వెన్నముద్ద,
రొట్టె లేకుండా, సిగ్గు లేకుండా.
అర్ధరాత్రి ఒంటేలుకొస్తే లేచి వెళ్ళాల్సిందే,
బిగబట్టిన దాన్ని వెచ్చగా ఉంచడానికి
ఒళ్ళు తెల్లారేదాకా వడ్డీ కడుతుంది.
ఇదీ వెర్నాయే. ముప్పయ్యేళ్ళు నర్సు.
ఆమె మాటకు ఎదురు లేదు.

గురకపెట్టేవాళ్ళ గుడారాలు వాగుకి అవతల.
అక్కడ మాత్రం నలుగురి పేర్లు
ఎవరూ చెప్పకుండానే రాసేశాను.

"అసలు ఎందుకు వెళ్ళడం?"
టిల్డా అడిగింది, ఆర్విల్ మనవరాలు, పదహారేళ్ళది.
"ఆ అడవి వేసవిలోనూ అక్కడే ఉంటుంది కదా."

డెల్మార్ గడ్డం గోక్కున్నాడు.
ఆర్విల్ ఒక స్పానర్ తుడిచాడు,
అది అప్పటికే శుభ్రంగా ఉంది.
దోమలుండవు, అంది వెర్నా చివరికి.
అందరం నవ్వేశాం.
అది జవాబు కాదని ఆ పిల్లకీ తెలుసు.

నాకు చెప్పాలనిపించింది:
రాత్రంతా మనం వదిలిన ఊపిరే
గుడారం కప్పుకి అంటుకుని
తెల్లారి ఎవరో కదిలితే చాలు
మన ముఖాలమీదే మంచై రాలుతుంది,
అది చూడ్డానికి, అని.
చెప్పలేదు. కాగితం తిప్పాను.

చివరి నియమం ఏటా నా చేత్తోనే రాస్తాను.
ఒక్కరు వెనక్కి అంటే అందరం వెనక్కి.
కారణం అడగరాదు,
దారిలో గానీ, కారులో గానీ, మరుసటేడు గానీ.

నిరుడు ఆ మాట అన్నది నేను.

రెండో రోజు, శిఖరం ఇంకా మైలున్నర,
ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది,
గాలి లేదు, మబ్బు లేదు, సాకు లేదు.
ఇరవయ్యారేళ్ళు ఈ మంచు రోడ్లమీద
పిల్లల బస్సు నడిపినదాన్ని,
ఆ తెల్లదనంలో నా పేరు
ఒక్క క్షణం నాకే అందలేదు.
కాలివేళ్ళు, అన్నాను. తిమ్మిరెక్కాయి.
ఎవరూ ఏమీ అనలేదు.
మంచుచెప్పుల ముందుకొనలు
ఒక్కొక్కటిగా ఇటు తిరిగాయి.

వేళ్ళు వెచ్చగానే ఉన్నాయి.
కిందికి దిగినంతసేపూ
పదింటినీ విడివిడిగా కదిపి చూసుకున్నాను,
దొంగసొమ్ము లెక్కపెట్టుకున్నట్టు.

ఇప్పుడు కాగితం చేతులు మారుతోంది,
ఎవరేం మోస్తారో వాళ్ళే రాయాలి.
డెల్మార్: స్టవ్వు, గరాటు, (అయిష్టంగా) గరిటె.
వెర్నా: మందులపెట్టె, వెన్న.
టిల్డా ఖాళీగా వదిలి, ఒక నక్క బొమ్మ గీసింది.
ఆర్విల్: రంపం, తాడు, కాఫీ,
ఊలు మేజోళ్ళు రెండు జతలు, మార్లిస్ వేళ్ళకు.

వేళ్ళకు కింద ఒక గీత ఉంది.
కలం జారిందో, కావాలనే గీశాడో.

తలెత్తి చూశాను.
అతను నా వైపు చూడటం లేదు.
టిల్డాకి ముడి వేయడం నేర్పుతున్నాడు,
మందపాటి చేతితొడుగులతో, తప్పుతూ, విప్పుతూ.
ఇంకోసారి, అంటున్నాడు.
తొడుగులు తీయకుండా.