బోరు పొడి

వర్తూరు అవతల, పునాది ఇంకా తియ్యని సైటులో
రాత్రి పదకొండుకి బండి గొంతు సవరించుకుంది.
రాడ్డు లెక్క రాసేది నేను.
రాడ్డుకి ఇరవై అడుగులు,
రాడ్డుకో పిడికెడు పొడి, గోనెపట్టా మీద వరసగా.

మొదట ఎర్రమట్టి. అందులో చెప్పడానికేం లేదు,
ఊరంతా చెప్పుల కింద మోసుకు తిరిగేదే.
తర్వాత మొరం,
నానిన పప్పులా వేళ్ళ మధ్య చితికేది.
ఎనభై అడుగులకి కేసింగు దింపాక
అసలు రాయి తగిలింది. చప్పుడు మారింది,
నా పళ్ళలోకి వచ్చింది.

కాపలా ఓబుళమ్మకి నిద్ర లేదు.
టార్చి పట్టుకుని కుప్పకుప్పకీ వంగి
"ఇది రాగిపిండి. ఇది వరిపిండి, కొంచెం నూకుంది.
ఇదేంది సామీ, మాడిన నువ్వుల పొడా?"
నేను పుస్తకంలో రాసుకుంటున్నాను:
బూడిద రంగు నీస్, పలుగురాయి ఎక్కువ.
నాలుగొందల నలభై: నల్లరాతి గోడ, డోలరైటు.
రాడ్డుకి గంట. బిట్టు అరిగింది.

మూడొందల కోట్ల ఏళ్ళ రాయి ఇది, అన్నాను.
ఆమె ఏళ్ళ జోలికి పోలేదు.
"అప్పుడన్నా నీళ్ళుండేవా?" అంది.
నా పుస్తకంలో ఆ గడి లేదు.

ఆరొందల ఇరవై దగ్గర
లేత గులాబీ పొడి వచ్చింది, పసిపిల్ల గోరు రంగు.
ఫెల్డ్‌స్పార్ అని రాసి, కొట్టేసి, మళ్ళీ రాశాను.
దాని నిండా అభ్రకం.
టార్చి వెలుగు పడగానే కుప్ప కళ్ళు తెరిచింది.
ఎప్పుడో చల్లారిన నిప్పు చివరి గుటక అది.
ఏ వెలుగూ రాని చోట
అంత మెరుపు దాచుకుని ఏం చేద్దామనో!

వెయ్యీ అరవై. వెయ్యీ ఎనభై.
మేస్త్రీ పళనివేలు అడుగు రేటు మళ్ళీ పెంచాడు.
ఓనరు ఫోన్లో, ఇంకొక్క రాడ్డు, అన్నాడు.
పొడి పొడిగానే వచ్చింది.
తడి కోసం అందులో వేళ్ళు పెట్టాను.
వెచ్చగా ఉంది, ఎవరో ఇప్పుడే లేచి వెళ్ళిన చోటులా.

తెల్లారేసరికి బండి లేదు.
బొక్క మీద గోనె, గోనె మీద బండరాయి.
ట్యాంకరు నీళ్ళు బిందెకి పట్టి వచ్చిన ఓబుళమ్మ
అంట్లకి ఏ కుప్ప పనికొస్తుందో చూస్తోంది.
నల్లది వద్దట, గీతలు పడతాయట.
గులాబీది ముట్టుకోలేదు.

ముఖం కడుక్కోకుండానే బస్సెక్కాను.
మారతహళ్ళి దగ్గర కిటికీలోంచి ఎండ పడ్డప్పుడు
ఎదుటి సీటు పిల్ల నన్ను చూసి
వాళ్ళమ్మని గిల్లింది:

నా కనుబొమ్మల్లో అభ్రకం.