మూడో టికెట్

మూడేండ్లలోపు పిల్లలకు టికెట్ లేదన్నడు కౌంటరాయన.
ఏడు నెలల సైజుకు లైఫ్ జాకెట్టూ లేదట.
అంటే లెక్కల లేని మనిషి, మా మౌక్తిక.

సాగర్ నీళ్ల వాసనకు
అత్తమ్మ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.
ఆమె సంచిలో గ్రైప్ వాటరు, ఫ్లాస్కు, ఆరు లంగోటీలు,
దిష్టికని ఒక నిమ్మకాయ.
అరగంట షికారుకు
ఇల్లు మారేంత సామాను.

లాంచీ కదిలింది.
నీళ్ల నడుమ బుద్ధుడిని చూపించిన. చూడలే.
నెక్లెస్ రోడ్డు లైట్లు చూపించిన. చూడలే.
పక్క సీటాయన నారింజ జాకెట్టు పట్టీని
నోట్లో పెట్టుకొని చప్పరించింది.
పాపం, ఆయన ఫోన్ మోగినా కదల్లే.

ఇంజను గుడగుడకు
మెల్లగ కండ్లు మూతపడ్డయి.

నాలుగు నెలల సంది
రాత్రి రెండింటికి హాల్లో తిరిగిన మేమిద్దరం
ఒకరి మొహం ఒకరం చూసుకున్నం.

రేవుల ఇంజను ఆపిండ్రు.
కింది పెదవి వణికింది.
రఘోత్తం ఒక్క మాట అనలే,
చెప్పులు చేతబట్టుకొని
కౌంటరు దిక్కు ఉరికిండు.

మూడో చుట్టుకు
అత్తమ్మ ప్రదక్షిణం అనుకుందేమో, దండం పెట్టింది.
నేను ఆమె భుజం మీదికి ఒరిగిన.
సీట్ల కింద నిమ్మకాయ
అటూ ఇటూ దొర్లుతున్న చప్పుడు.
అంతవరకే నాకు యాది.