ఖాళీ గడి

నలభై ఏళ్ళు పత్తి మిల్లులో పద్దులు రాసినదాన్ని,
మొత్తం కలవకపోతే నాకు నిద్ర పట్టదు.
అందుకే మా తమ్ముడు ఎల్రాయ్
ఈసారి చుట్టాలందరి చొక్కాల మీదా
వంశచిహ్నం అచ్చేయిద్దాం, సింహమా, గద్దా అన్నప్పుడు
ముందు వంశం ఎవరితో మొదలైందో తేల్చమన్నాను.

మా దగ్గరున్నవి మూడే.
లవాకా వాగు పక్క శ్మశానంలో సగం అక్షరాలు నాచు తిన్న రాయి.
ఈకల పరుపు గలేబు, మూలన ఎర్రదారంతో రెండు పొడి అక్షరాలు.
"మాది ల్హోటా" అన్న తాత మాట.

మొరావియా, బొహీమియా కలిపి
ల్హోటాలు మూడువందల పైచిలుకట!
రెండు చలికాలాలు పట్టింది.
పాత చర్చి పుస్తకాల్లో ఆ జర్మన్ రాత
మా పొలాల చుట్టూ ముళ్ళకంచెలా ఉంటుంది,
చూపు దూరిస్తే గీరుకుంటుంది.

మా పేరులో ఒక అక్షరం ఉండేది,
రేఫనీ ఝకారాన్నీ ఒకే ఊపిరిలో దొర్లించాలి.
తాత దాన్ని చర్చిలో పలికేవాడు, బ్యాంకులో మింగేవాడు.
నాన్నకి వినపడేది, నోరు తిరిగేది కాదు.
నా టైపు మిషన్‌లో ఆ మీటే లేదు.

చివరికి, ఎన్నో ల్హోటాలోనో,
పద్దెనిమిది వందల యాభై మూడు, ఇంటి నంబరు పదిహేడు.
బిడ్డ: ఇగ్నాట్స్.
తల్లి: రోజీనా ర్జెహోర్జోవా, పరాయి ఇంట పనిమనిషి.
మంత్రసాని: సంతకం రాదు, మూడు అడ్డగీతలు.
తండ్రి:

సిరా చుక్క కూడా లేదు.
రెండేళ్ళకి ఇంకో బిడ్డ, ఫ్రాంటిష్కా.
అదే పాదిరి, అదే దస్తూరీ, అదే గడి తెల్లగా.

మిల్లులో నేను గడి వదిలితే మా యజమాని అరిచేవాడు,
"సున్నా అయినా పెట్టు తల్లీ,
ఖాళీ అంటే మర్చిపోవడమో దాచిపెట్టడమో!"
పాదిరి సున్నా కూడా పెట్టలేదు.
ఆ గడి ముందు కూర్చుని కాఫీ చల్లారబెట్టుకున్నాను.

నలభై రెండేళ్ళప్పుడు బ్రెమెన్‌లో ఓడ ఎక్కింది రోజీనా.
ఎదిగిన పిల్లలిద్దరు, ఈకల పరుపు ఒకటి.
గాల్వెస్టన్ రేవులో గుమస్తాకి
ఆ పేరు చివరి "ఓవా" బరువనిపించిందేమో,
ఆడమనిషని చెప్పే ఆ తోకను కోసేశాడు.
అంతే, అది మగవాడి పేరైపోయింది.
నల్లరేగడి పొలం దస్తావేజులో,
సాసేజి పోటీలో గెల్చిన కప్పు మీద,
ఎల్రాయ్ పికప్ తలుపు మీద,
మా మగవాళ్ళు మీసం తిప్పుతూ మోసిందంతా
అంట్లు తోమిన ఆవిడ పేరే.

ఇంకో మాట కూడా దొరికింది.
ల్హోటా అంటే గడువట.
అడవి నరికి గుడిసె వేసుకున్న కొత్తవాళ్ళకి
కొన్నేళ్ళు శిస్తు అడగనని దొర ఇచ్చిన గడువు.
అంటే అక్కడ కూడా
ఎక్కడినుంచో వచ్చినవాళ్ళమే.

ఎల్రాయ్‌కి అన్నీ చెప్పాను.
టోపీ తీశాడు, పెట్టుకున్నాడు.
"సింహాలకి అడ్వాన్సు ఇచ్చేశానే అక్కా" అన్నాడు.

డాన్సు హాల్లో ఎనభై సింహాలు
గసగసాల కొలాచీలు తింటున్నాయి.
నేను చొక్కా తిరగేసి తొడుక్కున్నాను, కుట్లు బయటికి.
ఎందుకలా అని అడిగింది ఎల్రాయ్ మనవరాలు,
ఏడేళ్ళది, ముందుపళ్ళు రెండూ ఊడినది.
మా పేరులో పోయిన అక్షరం గురించి చెప్పాను,
తాత నాలుక ఎక్కడ ఆనించేవాడో చూపించాను.
నాకు ఎప్పట్లాగే రాలేదు.

అది ఒక్కసారి ప్రయత్నించింది.
ఆ పళ్ళసందులోంచి
రేఫా ఝకారమూ కలిసి, తడితడిగా,
సరిగ్గా వచ్చింది.